మగ్గం మీద ఒంటిని కొలిచే బట్ట నేయొచ్చా? పుట్టపాక చెల్లెమ్మకు సమాధానం

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగిన అమ్మాయిది పుట్టపాక. నల్గొండలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) చివరి సంవత్సరం చదువుతోంది. ఇంట్లో మగ్గం ఉంది, నాన్న చిటికి కట్టి ఇక్కత్ నేస్తారు. ప్రాజెక్టుగా గుండెనూ ఊపిరినీ కొలిచే చొక్కా చేయాలని ఉంది. మామూలు చేనేత మగ్గం మీద అది వీలవుతుందా? ఏ దారం కొనాలి? ఉతికితే పాడవుతుందా? మర్రిగూడ వైపు ఉండే తాతకు ఫ్లోరోసిస్‌తో మోకాళ్లు బిగుసుకుపోయాయట, ఆయనకు పనికొచ్చేది కూడా ఏమైనా చేయొచ్చా?

చెల్లెమ్మా, వీలవుతుంది. కానీ చొక్కాతో మొదలుపెట్టకు, గుండెతో అసలే మొదలుపెట్టకు. ఛాతీకి కట్టుకునే పట్టీ చెయ్యి, ముందు ఊపిరి లెక్కపెట్టు. నేను టెక్స్‌టైల్ ఇంజినీరింగ్ చదివి, తర్వాత ఎలక్ట్రానిక్స్ వాళ్లతో కలిసి ఈ రకం బట్టల మీదే పనిచేస్తున్నాను. మాదీ చౌటుప్పల్ వైపే కాబట్టి మీ ఇంటి పని నాకు తెలుసు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ప్రాజెక్టు చేసే పిల్లలు చాలామంది దారం దగ్గరే ఆగిపోతారు. కరెంటు పారే దారం దొరికితే సెన్సార్ అయిపోయినట్టే అనుకుంటారు. దారం ఒట్టి వైరు. దాన్ని ఎలా నేశాం, ఒంటికి ఎక్కడ తగిలించాం, చివర బోర్డుకు ఎలా కలిపాం అన్నదాన్ని బట్టే అది సెన్సార్ అవుతుంది. అమెరికాలోని జార్జియా టెక్‌లో సుందరేశన్ జయరామన్ బృందం 1996లో సైనికుల కోసం ఒక చొక్కా పని మొదలుపెట్టింది. బట్టలోనే ఆప్టికల్ ఫైబర్‌నూ, కరెంటు పారే పోగులనూ కలిపి నేశారు. తూటా తగిలి ఫైబర్ తెగితే ఎక్కడ తెగిందో తెలుస్తుంది. గుండెను, ఊపిరిని చూసే సెన్సార్లను మాత్రం విడిగా ఆ బట్టకు తగిలిస్తారు. వాటి మధ్య కబురు మోసే దారి బట్ట. దానికి వేరబుల్ మదర్‌బోర్డ్ అని పేరు పెట్టింది అందుకే. ఈ రంగంలో అందరూ గుర్తు చేసుకునే ఆ తొలి చొక్కాలో కూడా నేత చేసిన పని పోగులను సరైన చోట పరచడమే. ఆ పని మీ నాన్నకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇక దారం సంగతి. బజారులో ఎక్కువగా దొరికేవి రెండు: వెండి పూత పూసిన నైలాన్, సన్నని స్టెయిన్‌లెస్ స్టీల్ నూలు. వీటి రెసిస్టెన్స్, అంటే కరెంటుకు పెట్టే అడ్డు, రకాన్ని బట్టి మీటరుకు కొన్ని పదుల ఓమ్‌ల నుంచి కొన్ని వందల ఓమ్‌ల దాకా ఉంటుంది. ఒంటికి తగిలే పనికి వెండి నైలాన్ మెత్తగా, హాయిగా ఉంటుంది. స్టీలు ఉతుకులకు బాగా ఆగుతుంది, కానీ గరుకు, మడత పడితే పట్టు వదలదు. నీ పనికి వెండి నైలాన్ చిన్న కోను ఒకటి చాలు.

కొనేముందు ఇంట్లోనే ఒక పరీక్ష చెయ్యి, ఖర్చు లేదు. గద్వాల, నారాయణపేట చీరల అంచుల్లోకి వెళ్లే జరీ రకాలు నాలుగైదు తెప్పించి, పది సెంటీమీటర్ల ముక్క చొప్పున మల్టీమీటర్ పెట్టి చూడు. అసలు జరీలో పట్టు పోగు చుట్టూ చదును చేసిన వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత వేస్తారు. దాని తర్వాతి రకంలో వెండి పూత పూసిన రాగి తీగ ఉంటుంది. ఈ రెండింట్లో కరెంటు చక్కగా పారుతుంది. ఇప్పుడు ఎక్కువగా కనిపించే ప్లాస్టిక్ జరీ పాలిస్టర్ పొర మీద పలుచని లోహపు పూత, దాని మీద రంగు లక్క పూసినది. లక్క అడ్డం ఉంటుంది కాబట్టి మీటర్ ఏమీ చూపించకపోవచ్చు. మెరిసేదల్లా పనికిరాదని అక్కడే తెలిసిపోతుంది. రాగి జరీ కరెంటు బాగా మోస్తుంది గానీ చెమటకు ఆకుపచ్చగా చిలుము పడుతుంది. ఒంటికి తగిలే చోట దాన్ని పెట్టకు. బట్ట లోపలి దారిగా, పైన నూలు కప్పి వాడుకోవచ్చు.

పడుగులో (నిలువు పోగుల్లో) పెట్టాలా, పేకలో (అడ్డ పోగుల్లో) పెట్టాలా అని అడగలేదు కానీ అదే ముఖ్యం. పేకలో పెట్టు. పడుగులో అయితే పడుగు పొడవంతా ఖరీదైన దారం పోయాలి, పైగా ప్రతి దెబ్బకూ అచ్చు (పేకను కొట్టే దువ్వెన లాంటి పలక) పళ్లు రాసుకుని వెండి లేచిపోతుంది. పేకలో అయితే ఒక కండె నిండా చుట్టి, కావలసిన చోట నాడె మార్చి నేస్తే సరి. మిగతాదంతా మామూలు నూలే.

ఇప్పుడు అసలు చిక్కు. నేసిన బట్ట సాగదు. ఛాతీ పెరిగి తగ్గడాన్ని పట్టుకోవాలంటే ఏదో ఒకటి సాగాలి. పడుగు పేకలు బిగువుగా ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే నేతలో ఆ వీలు చాలా తక్కువ. బనియన్ బట్టలో దారం వలయాలుగా తిరుగుతుంది కాబట్టి లాగితే వలయాలు తెరుచుకుంటాయి, వదిలితే మూసుకుంటాయి. వెండి దారంతో అల్లిన బనియన్ బట్టలో వలయాలు ఒకదానికొకటి తగిలే చోట్లు మారుతుంటే రెసిస్టెన్స్ మారుతుంది. అది పెరుగుతుందా తగ్గుతుందా అన్నది అల్లికను బట్టి ఉంటుంది. లాగినప్పుడు తగ్గిందని కంగారుపడకు, అలాంటివీ ఉంటాయి. అందుకని పని పంచుకో: సాగే పని ఒక వేలెడు వెడల్పున్న అల్లిక పట్టీకి, నిలకడగా ఉండే పని మగ్గం బట్టకు. మగ్గం మీద సాగే గుణం తెప్పించాలని లైక్రా దారాలతో కుస్తీ పట్టే వాళ్లను చూశాను. చేనేత మీద బిగువు ఒకేలా ఉంచడం కష్టమై చివరికి విసిగిపోతారు.

పట్టీ ఇలా ఉండాలి. పక్కటెముకల కింది భాగం చుట్టూ వచ్చే కొలత తీసుకో. ముందు భాగం మగ్గం బట్ట, వెనక మామూలు ఎలాస్టిక్, ఒక పక్కన ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల వెండి అల్లిక పట్టీ. అల్లిక పట్టీని ఎలాస్టిక్ మీద కొద్దిగా లాగి కుట్టాలి. వదులుగా కుడితే ఊపిరి వదిలినప్పుడు ముడతపడి రీడింగ్ గంతులేస్తుంది.

పెద్దవాళ్లు ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. అంటే మూడు నుంచి ఐదు సెకన్లకు ఒకటి. ఇంత నెమ్మది విషయానికి సెకనుకు 25 రీడింగులు చాలా ఎక్కువే. సర్క్యూట్ కూడా చిన్నది, ఒక వోల్టేజ్ డివైడర్: పట్టీనీ ఒక రెసిస్టర్‌నూ వరుసగా కలిపి, రెసిస్టర్ మీది వోల్టేజ్ చూడటమే. మీ పట్టీ వదులుగా 1000 ఓమ్‌లు, నిండా ఊపిరి తీసుకుంటే 1400 ఓమ్‌లు చూపిందనుకో. ఆ రెండింటినీ గుణించి వర్గమూలం తీస్తే 1183 వస్తుంది, కాబట్టి 1.2 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టు. మార్పు అప్పుడే బాగా కనిపిస్తుంది. 3.3 వోల్టులు ఇస్తే అవుట్‌పుట్ దాదాపు 1.80 నుంచి 1.52 వోల్టులకు దిగుతుంది. ఈఎస్‌పీ32 అనే చిన్న బోర్డులోని 12 బిట్ల కొలతలో అది సుమారు 340 మెట్లు. ఆర్డ్యునో ఊనో బోర్డులో దాని 5 వోల్టులే ఇస్తే, 10 బిట్లే కాబట్టి 86 మెట్లు. రెండూ చాలు. విడిగా యాంప్లిఫయర్ అవసరం లేదు. బోర్డులు, బటన్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. దారం మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సి రావచ్చు.

ఒక్కటి గుర్తుంచుకో. లాగి వదిలిన అల్లిక వెంటనే మొదటి విలువకు రాదు, కొంచెం వెనకబడుతుంది. గంట సేపు కట్టుకుంటే గీత మొత్తం నెమ్మదిగా పక్కకు జరుగుతుంది. కాబట్టి ఎన్ని శ్వాసలు అని లెక్కపెట్టు, ఎంత లోతు శ్వాస అని చెప్పడానికి పోకు. శిఖరాలు లెక్కపెట్టే ప్రోగ్రామ్‌కు గీత జరగడం పెద్ద అడ్డు కాదు. మాట్లాడినా, చేయి పైకెత్తినా తప్పుడు శిఖరాలు వస్తాయి. రివ్యూలో సార్లు అడగకముందే ఆ గ్రాఫులు కూడా పెట్టు. సరిచూడటానికి యంత్రం అక్కర్లేదు, పక్కన ఒక స్నేహితురాలిని కూర్చోబెట్టి నిండా ఒక నిమిషం కంటితో లెక్కపెట్టమను.

ఇక టెన్షన్ పెట్టేది అతుకు. పది పట్టీలు పాడైతే అందులో ఎక్కువ దారం బోర్డును కలిసే చోటే పాడవుతాయి. వెండి నైలాన్‌కు సోల్డరింగ్ పెట్టడానికి పోకు. నైలాన్ రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, సోల్డరింగ్ ఐరన్ మొన 300 దాటి ఉంటుంది. పిల్లల గౌన్లకు వేసే లోహపు ప్రెస్ బటన్లు వాడు. దారం చివర ఏడెనిమిది సెంటీమీటర్లు వదిలి, బటన్ కింద రెండు మూడు చుట్లు తిప్పి బిగించు. బటన్ అవతలి సగానికి వైరు సోల్డర్ చేసుకుంటే బోర్డు ఊడదీసి పట్టీ ఉతుక్కోవచ్చు. బటన్ దగ్గర బట్ట వెనక ఒక గట్టి ముక్క వేసి కుట్టు. మెత్తని బట్ట, గట్టి లోహం కలిసే అంచులోనే దారం వంగి వంగి తెగుతుంది.

ఉతుకు గురించి అడిగావు. వెండి పూతకు రెండు శత్రువులు: బ్లీచింగ్, పిండడం. బ్లీచ్ వెండిని తినేస్తుంది, పిండితే పూత పగుళ్లిస్తుంది. చల్లని నీళ్లు, తేలికపాటి సబ్బు, నీడలో పరిచి ఆరబెట్టడం. ప్రతి ఉతుకుకూ ముందూ వెనకా రెసిస్టెన్స్ రాసుకో. ఇంటి ఉతుకు పరీక్షకు ఐఎస్ఓ 6330 అనే ప్రమాణం ఉంది. మీ కాలేజీలో ఆ మెషీన్ లేకపోయినా ఆ పద్ధతి చదివి, ఒకే నీళ్లు, ఒకే సబ్బు, ఒకే సమయం పాటిస్తే నీ అంకెలకు విలువ ఉంటుంది.

ఊపిరి కుదిరాక గుండెకు రా. గుండె కరెంటు ఛాతీ చర్మం మీద ఒక మిల్లీవోల్టు అటూ ఇటూ ఉంటుంది. ఈఎస్‌పీ32లో ఒక మెట్టే దాదాపు 0.8 మిల్లీవోల్టు. అంటే నేరుగా కలిపితే ఏమీ కనిపించదు. ఏడీ8232 లాంటి చిప్ వందల రెట్లు పెంచి ఇస్తుంది. చుట్టూ కరెంటు వైర్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొద దానికంటే పెద్దగా ఉంటుంది, కాబట్టి చర్మానికి తగిలించే రెండు ఎలక్ట్రోడ్లకు తోడు మూడోది తప్పకుండా పెట్టాలి. సెకనుకు కనీసం 250 రీడింగులు తీసుకో.

ఆ ఎలక్ట్రోడ్లను వెండి పేకతో నేయొచ్చు, ఇక్కడే మగ్గానికి పెద్దపీట. సాదా నేతలో పేక సగం ఈ ముఖం మీద, సగం ఆ ముఖం మీద తేలుతుంది. అంటే నువ్వు కొన్న వెండిలో సగం చర్మానికి తగలకుండానే పోతుంది. నాలుగు తొక్కుళ్లున్న మగ్గం మీద ఒక పడుగు పోగు కిందికి, మూడు పోగుల మీదికి పేక వచ్చేలా ట్విల్ నేయిస్తే ముప్పావు వంతు వెండి ఒకే ముఖం మీదికి వస్తుంది. డాబీ (ఎక్కువ రకాల అల్లికలు నేయించే మగ్గం అమరిక) ఉండి ఐదు పోగుల సాటిన్ నేయగలిగితే ఐదింట నాలుగు వంతులు. ఆ ముఖం చర్మం వైపు పెట్టు. రెండో ముఖం మీద దాదాపు అంతా నూలు పడుగే కాబట్టి పై చొక్కా రాపిడి నుంచి కొంత కాపు కూడా. మూడు సెంటీమీటర్ల వెడల్పు, నాలుగైదు సెంటీమీటర్ల పొడవు ముక్కలు చాలు. వెనక పలుచని స్పాంజి పెట్టి కుడితే కదలికకు జారకుండా ఒంటికి ఆనుకుంటాయి. ఈసీజీని పాడుచేసేది ఎక్కువగా ఆ జారుడే.

పొడి చర్మం మీద పొడి బట్ట మొదట సరిగా పట్టదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో విల్లెం ఐన్‌థోవెన్ ఈసీజీ తీసేటప్పుడు మనుషులను కూర్చోబెట్టి చేతులు, కాలు ఉప్పునీళ్ల పాత్రల్లో ముంచమనేవాడు. ఆ ఉప్పునీళ్ల పనే చెమట చేస్తుంది. కాబట్టి మన నల్గొండ మే నెల ఎండలో మీ ఎలక్ట్రోడ్లు డిసెంబరు కంటే బాగా పనిచేస్తాయి. ఏసీ ల్యాబ్‌లో డెమో అయితే ఎలక్ట్రోడ్లను కొంచెం తడిపి కట్టు. అదే చెమట పక్కపక్కనే పోయే రెండు వెండి దారులను కలిపేసి ఊపిరి రీడింగ్‌ను మాత్రం తప్పుదోవ పట్టిస్తుంది. ఆ దారుల మధ్య కనీసం ఒక సెంటీమీటరు నూలు వదిలి, లోపలి వైపు ఇంకో పొర బట్ట కుట్టు.

ఒంటికి ఎలక్ట్రోడ్లు ఉన్నంతసేపు బోర్డు బ్యాటరీ మీదే నడవాలి. చార్జర్ పెట్టిన ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ వైరుతో కలిపి మనిషికి తగిలించవద్దు. రీడింగులు బ్లూటూత్‌లో పంపు. క్లాసులో నలుగురి మీద పరీక్షించాలనుకుంటే ముందు మీ సంస్థ ఎథిక్స్ కమిటీ దారి ఏమిటో గైడ్‌ను అడుగు. రిపోర్టులో రోగం కనిపెడుతుందని మాత్రం రాయకు. అలా చెప్పి అమ్మబోతే అది 2017 నాటి మెడికల్ డివైసెస్ రూల్స్ కిందికి వస్తుంది, అది వేరే పెద్ద కథ.

తాతగారి మోకాలి సంగతి. ఫ్లోరోసిస్‌లో ఎముకలూ, వాటిని కలిపి పట్టి ఉంచే లిగమెంట్లూ గట్టిపడి కీలు వంగడం తగ్గుతుంది. బట్ట సెన్సార్ ఫ్లోరైడ్‌ను చెప్పలేదు, దానికి నీళ్ల పరీక్ష, మూత్ర పరీక్ష, ఎక్స్‌రే ఉన్నాయి. మోకాలు ఎంత వంగుతోంది, లేవడానికి ఎంత సమయం పడుతోంది అన్నవి మాత్రం చెప్పగలదు. మోకాలి చిప్ప మీదుగా అదే వెండి అల్లిక పట్టీని కుట్టిన వదులు తొడుగు చాలు. ఫిజియోథెరపిస్టులు కోణం కొలిచే గోనియోమీటర్‌తో 0, 30, 60, 90 డిగ్రీల దగ్గర రీడింగ్ తీసి సరిచూసుకో. ఆయన మోకాలు 60 దాటి వంగకపోతే అక్కడే ఆపు, బలవంతం చేయొద్దు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి పట్టే సమయం వృద్ధుల విషయంలో డాక్టర్లు వాడే కొలతే. తొడుగు కట్టి అది చేయిస్తే ఏ దశలో ఆయన ఆగుతున్నాడో గ్రాఫులో కనిపిస్తుంది. బిగువు తొడుగు మాత్రం వద్దు, పెద్దవాళ్ల కాళ్లలో రక్తం ఆడాలి.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఎవరైనా చేయగలిగిందే. మీ ఇంట్లో మాత్రమే చేయగలిగిన దాని గురించి చివర్లో రాస్తున్నాను, నాకు బాగా ఇష్టమైనది కూడా ఇదే. చిటికి కట్టడం అంటే ఏమిటి? రంగు అంటకూడని చోట పోగును కట్టేసి ముంచడం. రంగుకు బదులు కరెంటు పారే ద్రావణంలో ముంచితే? పెడాట్-పీఎస్ఎస్ అనే పాలిమర్ నీళ్లలో కలిసిన నీలిరంగు ద్రావణంగా దొరుకుతుంది. పాలిమర్లలో కరెంటు పారించవచ్చని 1977లో చూపినందుకే హీగర్, మెక్‌డయార్మిడ్, షిరకావాలకు 2000 సంవత్సరంలో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఆ కుటుంబంలోదే ఇది. కొద్దిగా ఎథిలీన్ గ్లైకాల్ కలిపితే ఇందులో కరెంటు ఇంకా బాగా పారుతుంది. కట్టిన చోట నూలు నూలుగానే మిగులుతుంది, కట్టని చోట కరెంటు పారే ముక్క తయారవుతుంది.

ఆసు (చిటికి కట్టే ముందు నూలు చుట్టే చట్రం) మీద పేక పోగును బట్ట వెడల్పుకు సరిపడా అటూ ఇటూ చుడతారు కదా, అందువల్ల కట్టు ఒకే చోట పడి, నేసినప్పుడు ప్రతి పేకలోనూ రంగు ఒకే జాగాలో వస్తుంది. ఆ పనికి చింతకింది మల్లేశం గారు కనిపెట్టిన ఆసు యంత్రం చుట్టినా అదే కొలత. అదే లెక్కతో పూత ముక్కలన్నీ బట్టలో ఒకే చోట, రెండు సెంటీమీటర్ల వెడల్పు మచ్చగా చేరతాయి. ఆ మచ్చ రెండు అంచుల్లోనూ ఒక్కో వెండి పోగు పడుగులో పెట్టు. పడుగులో వెండి వద్దన్నాను గానీ రెండు పోగులే కాబట్టి ఫర్వాలేదు, చెడినా మళ్లీ అతుక్కోవచ్చు. అవే రెండు కొసలు. ఒక్కో పేక ముక్క సెంటీమీటరుకు 10 కిలో ఓమ్‌లు ఉందనుకుంటే, రెండు సెంటీమీటర్లకు 20 కిలో ఓమ్‌లు. అలాంటి 40 పేకలు పక్కపక్కనే సమాంతరంగా కలిస్తే 500 ఓమ్‌లు. డివైడర్‌కు అనువైన అంకె. ఈ పాలిమర్ తేమకు బాగా స్పందిస్తుంది కాబట్టి ఈ మచ్చను చెమట పట్టిందా లేదా చూడటానికి వాడు. సాగడాన్ని కొలవడానికి ఇది పనికిరాదు.

రెండు జాగ్రత్తలు. తేలియా రుమాలుకు నూనె పట్టించిన నూలు వాడొద్దు, నీటి ద్రావణం దాని మీద నిలవదు. మామూలు నూలైనా గంజి, జిడ్డు పోయేలా సోడాలో ఉడకబెట్టి బాగా కడిగి వాడాలి. ద్రావణం పుల్లటిది, ఎక్కువసేపు నానితే నూలు బలం తగ్గుతుంది. ముంచి తీసి, పిండకుండా వేలాడదీసి, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి. కట్టు కింద పాకిందేమో మల్టీమీటర్‌తో చూడు. రబ్బరు ట్యూబు పట్టీలతో రెండు చుట్లు ఎక్కువ కడితే పాకడం తగ్గుతుంది, ఈ బిగువు మీ నాన్న చేతికే తెలుస్తుంది.

ముందు వేలెడు నూలు ముక్కల మీద మూడు రీడింగులు తీసి ఇక్కడే పెట్టు: ముంచకముందు, ఆరాక, ఒక ఉతుకు తర్వాత. అచ్చు నంబరు, అంగుళానికి ఎన్ని పేకలు పడుతున్నాయో కూడా రాయి. దాన్ని బట్టి మచ్చ ఎంత పొడవు ఉండాలో లెక్క కట్టి చెబుతాను.